స్వరకర్త ఎలీసియో, మా ఎల్లన్న

గత నెల ఒక మంగళవారం ఉదయం, సౌదీలో చమురు శుద్ధి జరిగే రాస్ తనూరాలో డ్యూటీ బస్సు దిగుతుండగా నా ఫోను మోగింది. చేసింది మారిసెల్ అనే ఫిలిప్పీనో నర్సు. ఆమె మెసేజీలు పెడుతుందే తప్ప ఎప్పుడూ ఫోను చెయ్యదు. "సార్, మనోంగ్ పోయారు" అని ఇంగ్లీషులో ఒక్క మాట చెప్పి ఆగిపోయింది. నేను బస్సు మెట్టు మీదే నిలబడిపోయాను. వెనకవాళ్ళు "యల్లా, యల్లా" అని తొందరపెడుతున్నారు. కిందికి దిగాలన్న స్పృహ కూడా నాకు కలగలేదు.

ఎలీసియో సోమవారం మధ్యాహ్నం భోజనం చేసి, కాసేపు నడుం వాలుస్తానని కూతురికి చెప్పి పడుకున్నారట. సాయంత్రం గాయకబృందం సాధనకి వేళయిందని లేపబోతే లేవలేదు. రోగం లేదు, రొష్టు లేదు. ఆ ముందు శనివారమే నాతో అరగంటసేపు మాట్లాడారు. తమ ఊళ్ళో హెచ్చుస్థాయి పాడే ఆడవాళ్ళు కడుపునిండా అన్నం తిని సాధనకి వస్తున్నారనీ, స్వరం పైకి లేవడం లేదనీ ఫిర్యాదు. అంత సజీవమైన కంఠం రెండు రోజుల్లో అనంతమైన మౌనంలోకి జారిపోతుందని నేను ఊహించలేదు. ఆ దుర్వార్తని మనసు అంగీకరించడానికి చాలా రోజులు పట్టింది. ఇప్పటికీ పూర్తిగా అంగీకరించిందో లేదో చెప్పలేను.

తెలుగు పాఠకులకి ఎలీసియో పేరు తెలిసే అవకాశం తక్కువ. ఫిలిప్పీన్స్‌లో పనాయ్ అనే దీవి ఉంది. ఆ దీవిలో ఇలోయిలో నగరానికి దగ్గరలో, చేపలు పట్టి బతికే ఒక చిన్న ఊళ్ళో ఆయన పుట్టారు. తండ్రి ఊరి బ్యాండు మేళంలో పెద్ద ఇత్తడి బూర ఊదేవాడు. అక్షరాలు రాకముందే స్వరలిపి చదవడం వచ్చిందని ఎలీసియో చెప్పేవారు. మనీలాలో సంగీతం చదివి, యౌవనంలోనే పాటలు కట్టి, పోటీల్లో బహుమతులు పొంది, సంగీతంతో ఇల్లు గడవక పనిముట్లు చేతపట్టి సౌదీకి వచ్చిన స్వరకర్త ఆయన. పంతొమ్మిదేళ్ళు ఇక్కడే ఉన్నారు. ఈనాడు ఆయన దేశంలో పాఠశాలల గాయకబృందాలు ఆయన పేరుని గౌరవంతో పలుకుతాయి. ఇక్కడ మాత్రం చాలాకాలం ఆయన ఒక కాంట్రాక్టు కంపెనీలో ప్రెషర్ గేజులు సరిచూసే టెక్నీషియను మాత్రమే.

కాగితం మీద నేను ఆయనకి సూపర్వైజర్ని. నిజానికి శిష్యుణ్ణి. వాళ్ళ దీవిలో అన్నని మనోంగ్ అని పిలుస్తారు, తమ్ముణ్ణి ముద్దుగా తోతో అంటారు. నేను ఆయన్ని మనోంగ్ అనేవాణ్ణి, ముప్ఫైఎనిమిదేళ్ళ నన్ను ఆయన తోతో అనేవారు. మా సైటులో పనిచేసే జగిత్యాల, నిజామాబాద్ వాళ్ళకి ఈ రెండూ నోరు తిరగలేదు. ఎలీ అన్నది వాళ్ళ నోట ఎల్లయ్య అయి, ఎల్లన్నగా స్థిరపడిపోయింది. ఆయనకి ఆ పేరు ఎంత నచ్చిందంటే, తన హెల్మెట్ వెనక తెలుగులో ఆ మూడక్షరాలూ నాచేత రాయించుకున్నారు.

మా స్నేహానికి కారణం సంగీతం కాదు, ఎండుచేప. నేను వచ్చిన కొత్తల్లో క్యాంపులో అందరికీ కలిపి ఒకటే వంటగది ఉండేది. ఒక శుక్రవారం పొద్దున ఎవరో ఎండు నెత్తళ్ళు వేయిస్తున్న వాసన వరండా అంతా వ్యాపించింది. ఉత్తరాది వాళ్ళు ముక్కులు మూసుకుని తలుపులు వేసేసుకున్నారు. ఉప్పాడ పక్కన పుట్టిన నేను మాత్రం ఆ వాసన పట్టుకుని వంటింటి దాకా నడిచి వెళ్ళిపోయాను. పొయ్యి దగ్గర పొట్టిగా, గుండ్రటి కళ్ళద్దాలతో ఒక మనిషి ఉన్నారు. నన్ను చూసి, ఫిర్యాదు చెయ్యడానికి వచ్చాననుకుని, అయిదు నిమిషాల్లో అయిపోతుందని క్షమాపణ చెప్పడం మొదలుపెట్టారు. నేను మాట్లాడకుండా పళ్ళెం తీసుకుని నిలబడ్డాను. ఆయన వెల్లుల్లి దంచి వేసిన వెనిగర్‌లో అద్దుకు తినడం నేర్పారు, నేను చింతపండు పులుసులో వెయ్యడం చూపించాను. ఆ రోజు నుంచి శుక్రవారం పొద్దున మా ఇద్దరిదీ ఒకే పొయ్యి.

సంగీతకారుడి చెవి గురించి రాసేటప్పుడు అద్భుతాలు చెప్పడం ఆనవాయితీ. నేను ఒక వైఫల్యం చెబుతాను. ఒకసారి ఆయన ఒక పంపు ముందు ఆగి, చాలాసేపు తల వంచి విన్నారు. దాని శ్రుతి అరస్వరం దిగిందనీ, లోపల బేరింగు అరుగుతోందనీ అన్నారు. గేజులన్నీ సవ్యంగా చూపిస్తున్నాయి. అయినా ఆయన మాట మీద గౌరవంతో పంపు ఆపించి, విప్పించాను. లోపల ఏ లోపమూ లేదు. ఒక పూట పని పోయింది, నాకు పైనుంచి సంజాయిషీ నోటీసు వచ్చింది. ఆయన చెవి గెలిచిందని రాస్తే ఈ వ్యాసానికి అందంగా ఉండేది. కానీ ఆ రోజు నేను కోపంగా అడిగితే ఆయన సిగ్గుపడుతూ నిజం చెప్పేశారు. కొత్త పాట ఒకటి తలలో తిరుగుతోందట, దానికి ఆ పంపు మోత అరస్వరం తక్కువగా ఉందట. "తప్పు పంపుది కాదు తోతో. నా పాటనే పంపుకి తగ్గట్టు దించి ఉండాల్సింది" అన్నారు. నా కోపం అక్కడే కరిగిపోయింది.

ఆయన స్వరరచన గురించి అధికారంతో రాసే అర్హత నాకు లేదు. అయిదు గీతల మీద చుక్కలు చదవడం నాకు నేర్పింది ఆయనే కాబట్టి, తెలిసినంత చెబుతాను. వాళ్ళ దేశంలో కుందిమాన్ అనే ప్రేమగీతాల సంప్రదాయం ఉంది. మూడు మాత్రల నడక. మొదటి సగం విషాదచ్ఛాయ ఉన్న స్వరాలలో సాగి, రెండో సగంలో ప్రసన్నమైన స్వరాలలోకి తిరుగుతుంది. ఆ మలుపే పాటకి ప్రాణం. చాలామంది స్వరకర్తలు ఆ మలుపుని ఘనంగా చాటుతారు. ఎలీసియో పాటల్లో మలుపు వచ్చినట్టే తెలియదు. రెండు వరసలు దాటాక, ఎప్పుడో వెలుతురు వచ్చేసిందే అని శ్రోతకి స్ఫురిస్తుంది. "దుఃఖం పోయేటప్పుడు చెప్పి పోదు. పోయాక కదా మనం చూసుకునేది" అనేవారు.

సౌదీలో రాసిన పాటలకి ఇంకొక విశిష్టత ఉంది. ఇక్కడ సంగీతం మీద ఆంక్షలున్న ఆ రోజుల్లో క్యాంపు గదుల్లో నలుగురు చేరి పాడుకోవాలంటే కిటికీలు మూసుకుని, పక్కగదికి వినపడనంత నెమ్మదిగా పాడుకోవలసి వచ్చేది. పన్నెండుమంది ఫిలిప్పీనోలతో ఆయన నడిపిన గాయకబృందం శుక్రవారం మధ్యాహ్నాలు అలాగే సాధన చేసేది. కాబట్టి ఆయన గట్టిగా పాడితే చెడిపోయే పాటలే రాయడం మొదలుపెట్టారు. గుసగుసకీ గానానికీ మధ్య ఎన్ని అంతరువులు ఉన్నాయో ఆ పాటలు విన్నాకే నాకు తెలిసింది. తరవాతి కాలంలో ఇక్కడి పరిస్థితులు సడలాయి, బహిరంగంగా కచేరీలు జరుగుతున్నాయి. ఆయన మాత్రం మెల్లగా పాడడాన్ని వదలలేదు. అదొక ఇబ్బందిగా మొదలై, ఆయన చేతిలో శైలిగా మారింది.

ఇంత చేసిన మనిషి తాను స్వరకర్తనని ఎవరికీ చెప్పుకోలేదు. అది బయటపడిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

ఒకసారి ఆయనకి మూత్రపిండంలో రాయి చేరి, భరించలేని నొప్పితో ఆసుపత్రిలో పడుకున్నారు. పక్కన నేనున్నాను. అప్పుడే డ్యూటీకి వచ్చిన మారిసెల్, సెలైన్ సీసా సరిచేస్తూ ఏదో పాట కూనిరాగం తీస్తోంది. నొప్పితో మెలికలు తిరుగుతున్న మనిషి ఒక్కసారి కళ్ళు తెరిచి, అక్కడ స్వరం కొంచెం కిందికి దిగాలని చెప్పారు. ఆ అమ్మాయి నొచ్చుకుంది. అది తమ ఇలోయిలో పాట అనీ, చిన్నప్పటి నుంచీ బడిలో పాడుతున్నదేననీ, తప్పు పాడడం లేదనీ అంది.

"తప్పే. నేను దాన్ని అలా రాయలేదు" అన్నారాయన.

మారిసెల్ నా వైపు చూసింది. నొప్పికిచ్చిన మందు తలకెక్కిందని ఆమె అనుమానం. అది జానపదగీతమనీ, దాన్ని ఎవరూ రాయలేదనీ ఓపికగా వివరించింది. పుస్తకంలో కూడా అలాగే ఉందట.

"ఆ ఎవరూ నేనే" అని ఆయన మళ్ళీ కళ్ళు మూసుకున్నారు.

తరవాత నాకు కథంతా చెప్పారు. ఆ పాట పేరుని తెలుగులో చెప్పాలంటే 'తాడు విప్పాక'. వేటకి వెళ్ళే మగడి పడవ తాడుని ఒడ్డున నిలబడి భార్య తన చేత్తో విప్పుతుంది. అదే పాట. ఇరవైరెండేళ్ళ వయసులో ఆయన కట్టారు. ఒక పోటీలో బహుమతి వచ్చింది. ఎవరో ఒకరు బడిపిల్లల పాటల పుస్తకంలో అచ్చువేశారు. అచ్చులో ఆయన పేరు జారిపోయి, ఆ స్థానంలో జానపదం అన్న మాట చేరింది. ఒకటి రెండు ఉత్తరాలు రాసి చూశారు, జవాబు రాలేదు. తరవాత సౌదీ వచ్చేశారు. బాధగా లేదా అని అడిగాను. మొదట్లో చాలా ఉండేదన్నారు. "బతికుండగానే జానపదుణ్ణి అయినవాడు మా దీవిలో నేనొక్కడినే" అని నవ్వారు. ఆ నవ్వు పూర్తిగా నవ్వు కాదని నాకు తెలుసు.

మారిసెల్ ఊరుకోలేదు. ఆయన డిశ్చార్జి అయ్యాక, ఆయన పాత నోటుబుక్కు అడిగి తీసుకుంది. కాగితాలు పసుపెక్కి, సిరా వెలిసిన ఆ నోటుబుక్కులో 'తాడు విప్పాక' తొలి ప్రతి, దిద్దుబాట్లతో సహా ఉంది. ఫొటోలు తీసి, ఇలోయిలోలో తనకి చిన్నప్పుడు సంగీతం చెప్పిన మాస్టారికి పంపింది. ఆ మాస్టారు రుజువు కోసం వెతకడం మొదలుపెట్టాడు. ఆ వెతుకులాట ఏళ్ళు పట్టింది. ఈలోగా గంగారాం సంగతి జరిగింది.

గంగారాంది జగిత్యాల జిల్లా. మా సైటులో స్కాఫోల్డింగ్ పని, అంటే పైపుల చుట్టూ ఇనుప మంచెలు కట్టే పని. ఎత్తున కూచుని పాడుకుంటూ పనిచేసేవాడు. అవి వాళ్ళ ఊళ్ళో ఆడవాళ్ళు వరినాట్లు వేస్తూ పాడే పాటలు. భార్య రాజవ్వ నోట విని నేర్చుకున్నాడు. ఎల్లన్న ఆ పాటల కోసం తన టీ విరామం గంగారాం మంచె కిందే గడిపేవారు. ఒక్కో పాట పదిసార్లు పాడించుకుని, గీతల పుస్తకంలో రాసుకునేవారు. గంగారాం నాతో, "సారూ, ఎల్లన్నకు నా పాట సమజ్ అయితలేదా ఏంది, మల్ల మల్ల పాడుమంటడు?" అని అడిగాడు. సమజ్ అవుతోంది కాబట్టే అడుగుతున్నాడని చెప్పాను.

ఒక వేసవి ఉదయం గంగారాం మంచె దిగి, నీళ్ళు తాగబోయి కూలబడ్డాడు. పక్షవాతం. ప్రాణం దక్కింది కానీ కుడి చెయ్యీ కాలూ పట్టు తప్పాయి, మాట పడిపోయింది. తెలుగు తెలిసినవాణ్ణని కంపెనీ నన్ను ఆసుపత్రికి పంపింది. మనం చెప్పేది అతనికి అర్థమవుతోందనీ, తనకి కావలసిన మాటే దొరకడం లేదనీ డాక్టరు చెప్పారు. నీళ్ళు కావాలని అడగబోతే గొంతులో ఏదో శబ్దం వచ్చేది. అది విని తనే సిగ్గుపడి తల తిప్పుకునేవాడు. ఇంటి నుంచి వీడియో కాల్ వస్తే దుప్పటి ముఖం మీదికి లాక్కునేవాడు. ఆ అవస్థలో భార్య కంట పడడం అతనికి చావుకన్నా కష్టంగా తోచింది.

అటువైపు రాజవ్వకి తోచింది వేరు. పదిరోజులైనా మనిషి ముఖం చూపించలేదు, మాట వినిపించలేదు. ఆమె నాకు ఫోను చేసింది. ఏడుపు లేదు. గొంతు చాలా స్థిరంగా ఉంది.

"సారూ, నాకు నిజం చెప్పుండ్రి. మనిషి ఉన్నడా, లేడా?"

ఉన్నాడమ్మా, బాగవుతున్నాడు అన్నాను.

"ఉంటె మాట్లాడుమనుండ్రి. పదహారేండ్ల సంది దినాం మాట్లాడే మనిషి గిట్ల ఊకుంటడా? మీరంత కలిసి నాకు దాస్తున్నరు."

 ఫొటో పంపుతానంటే, నిద్రపోయే మనిషీ పోయిన మనిషీ ఫొటోలో ఒకేలా ఉంటారంది. మర్నాడు బస్సులో ఎల్లన్నకి చెప్పాను. ఆయన సాయంత్రం తననీ తీసుకెళ్ళమన్నారు.

ఆ సాయంత్రం నేను చూసినది జీవితాంతం మరిచిపోను. ఎల్లన్న మంచం పక్కన కూచున్నారు. పలకరించలేదు, పరామర్శించలేదు. సంచిలోంచి గీతల పుస్తకం తీసి, గంగారాం దగ్గర రాసుకున్న ఒక నాట్ల పాటని అక్షరాలు లేకుండా, ఉత్త స్వరంగా, తన పద్ధతిలో మెల్లగా పాడారు. ఒకసారి పాడి ఆగారు. మళ్ళీ పాడారు. మూడోసారికి గంగారాం ఎడమచేతి వేళ్ళు మంచంపట్టె మీద లయ వేశాయి. నాలుగోసారి అతని పెదవులు కదిలాయి. ఆ పాట మొదటి చరణం, పూర్తి మాటలతో, ఒక్క అక్షరం తడబడకుండా అతని నోట వచ్చింది.

నేను లేచి నిలబడిపోయాను. గంగారాం తన గొంతుని తానే విని భయపడినట్టు చూశాడు. ఎల్లన్న ఒక్కరే ఏమీ ఆశ్చర్యపడలేదు. కొందరికి మాట పోయినా పాట ఉండిపోతుందని మారిసెల్ తనకి చెప్పిందట. వైద్యశాస్త్రంలో ఇది తెలిసిన విషయమేనని తరవాత డాక్టరు కూడా అన్నారు. అయితే ఆ మనిషికి ఏ పాట పాడి వినిపించాలో ఏ శాస్త్రం చెబుతుంది? అది ఎల్లన్న టీ విరామాల్లో సంపాదించుకున్న విద్య.

మర్నాటి నుంచి పని మొదలైంది. భార్యకి చెప్పవలసిన ఒక్క వాక్యాన్ని ఆ పాట వరసలోకి ఎక్కించాలి. ఏం చెప్పాలో నన్ను అడిగితే, "నేను బాగానే ఉన్నాను, ఇంటికి వస్తాను" అని రాసిచ్చాను. ఎల్లన్న దానికి వరస కూర్చి నేర్పబోయారు. గంగారాం నోరు కదపలేదు. రెండు రోజులు అదే ప్రయత్నం, అదే మౌనం. మూడో రోజు ఎల్లన్న నన్ను నిలదీశారు.

"తోతో, ఈ వాక్యం అతనిది కాదు. నీ మాటకి చివర తోక ఉంది. అతని పాటల్లో ఏ మాటా ఇలా సాగదు, టక్కున తెగుతుంది. ఇది ఎవరి భాష?"

తెలుగు ఒక్క ముక్క రాని మనిషి, నా గోదావరి జిల్లా తెలుగులోంచి గంగారాం తెలుగుని చెవితో వేరుచేశారు. నాకు సిగ్గేసింది. కాగితం చించేసి, గంగారాం మాట్లాడే తీరు గుర్తు చేసుకుని మళ్ళీ రాశాను: "రాజవ్వా, మంచిగున్న. ఇంటికొస్త." చదివి వినిపించగానే గంగారాం కళ్ళు మెరిశాయి. అప్పుడు ఎల్లన్న వరస కట్టారు. అయిదారు స్వరాలే. ఆయన స్వరరచనలన్నిటిలో చిన్నది అదే. డ్యూటీ అయ్యాక రోజూ సాయంత్రం ఆసుపత్రికి వచ్చి, మూడు వారాలు సాధన చేయించారు. మారిసెల్ గంగారాం ఎడమచేతిని తన చేతిలోకి తీసుకుని మంచం మీద తాళం వేయించేది.

ఒక శుక్రవారం మధ్యాహ్నం ఫోను కలిపాం. గంగారాం ఈసారి దుప్పటి లాక్కోలేదు. తెర మీద రాజవ్వ కనిపించింది. అతను ఊపిరి తీసుకుని, వంకరపోయిన పెదవులతో పాడాడు: "రాజవ్వా, మంచిగున్న. ఇంటికొస్త."

ఆమె ఫోనుని మొహానికి ఇంకా దగ్గరగా పట్టుకుంది.

"గదేంది, నాటేసే పాటల చెప్పుతున్నవ్?"

అతనికి వేరే మాట లేదు. అదే మళ్ళీ పాడాడు.

"సరె," అంది రాజవ్వ. కొంగుతో మొహం తుడుచుకుంది. "రా మరి."

మేం ముగ్గురం గదిలోంచి బయటికి వచ్చేశాం. వరండాలో ఎల్లన్న కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. ఆ తరవాత నన్ను అడిగిన మొదటి మాట, రెండో స్వరం ఇంకొంచెం పొడుగ్గా ఉంటే బాగుండేదా అని.

ఇంకో రెండు నెలలకి గంగారాంకి ఎగ్జిట్ కాగితాలు, అంటే దేశం విడిచి వెళ్ళే అనుమతి, వచ్చి ఇంటికి వెళ్ళాడు. అప్పటికి పది పన్నెండు మాటలు పాటగా వచ్చేవి. తరవాత మెల్లగా, పాట లేకుండా కూడా వచ్చాయి.

ఆ నాట్ల పాట ఆధారంగా ఎల్లన్న ఎనిమిది గొంతుల గాయకబృందానికి ఒక రచన చేశారు. ఆయన రచనల్లో అదే ఉత్తమమైనదని ఇలోయిలో మాస్టారి అభిప్రాయం. రాయడం పూర్తయ్యాక, పైన ఏం రాయాలన్న ప్రశ్న వచ్చింది. తెలంగాణ జానపదగీతం ఆధారంగా అని రాయమన్నాను. ఆయన కలం కింద పెట్టేశారు. నాతో ఆయన కటువుగా మాట్లాడినది ఆ ఒక్కసారే.

"ఆ మాట ఎవరి పేరుని తుడిచేస్తుందో నాకు తెలుసు. రాజవ్వకి ఫోను చెయ్యి. ఎవరి దగ్గర నేర్చుకుందో అడుగు."

అడిగాను. అత్త పోశవ్వ దగ్గర నేర్చుకున్నానని చెప్పింది. పోశవ్వకి ఎవరు నేర్పారో ఆమెకి తెలియదు. ఈనాడు ఆ రచన మొదటి పేజీలో ఎలీసియో పేరుకి పైన ఇలా ఉంటుంది: పోశవ్వ పాడగా రాజవ్వ నేర్చుకున్నది, గంగారాం పాడగా నేను విన్నది. ఫిలిప్పీన్స్‌లో పిల్లలు ఆ మూడు పేర్లనీ తమ యాసలో కూడబలుక్కుని చదివి, ఆ తరవాతే పాట మొదలుపెడతారు.

ఆయన పేరు కూడా ఆయనకి తిరిగి వచ్చింది. మారిసెల్ మాస్టారు ఎన్నో పాత పెట్టెలు వెతికి, చివరికి ఆనాటి పోటీ బహుమతుల జాబితా సంపాదించాడు. పాటల పుస్తకం కొత్త ముద్రణలో జానపదం అన్న మాట తీసేసి ఎలీసియో పేరు వేశారు. ఆ పేజీ ఫొటో ఫోనులో వచ్చిన రోజు ఆయన క్యాంటీన్‌లో అన్నం తింటున్నారు. చూసి, ఫోను నాకు అందించి, తినడం కొనసాగించారు. కాసేపటికి చూస్తే ముద్ద చేతిలోనే ఉంది.

నాలుగేళ్ళ కిందట ఫైనల్ ఎగ్జిట్ మీద స్వదేశానికి వెళ్ళిపోయారు. అక్కడ గాయకబృందాలు ఆయన్ని వెతుక్కుంటూ వచ్చాయి. సన్మానాలు జరిగాయి. ఇక్కడ కిటికీలు మూసుకుని పాడిన పాటలు అక్కడ పెద్ద సభాభవనాల్లో పాడారు. వీడియోలు పంపేవారు. వేదిక మీద అంతమంది మధ్య ఆయన కొంచెం ఇబ్బందిగా నిలబడి, చప్పట్లు ఆగేదాకా నేల చూస్తూ ఉండేవారు. కీర్తి ఆలస్యంగా వచ్చింది కానీ, ఆలస్యమైనందుకు ఆయన దాన్ని నిందించలేదు, ఇన్నాళ్ళూ రానందుకు ఎవరినీ నిందించలేదు.

మరణవార్త గంగారాంకి నేనే చెప్పాను. ఇప్పుడు అతను కర్ర పట్టుకుని నడుస్తాడు, ఆగి ఆగి మాట్లాడతాడు.  విన్నాక, ఎల్లన్నకి పిల్లలున్నారా అని అడిగాడు. ఒక కూతురుందని చెప్పాను.

"ఆ బిడ్డకు చెప్పుండ్రి సారూ," అన్నాడు ఒక్కొక్క మాటే కూడదీసుకుంటూ. "మీ నాయిన... నాకు మాట ఇచ్చిండు... అని."

మన భాషలో మాట ఇవ్వడమంటే వాగ్దానం చెయ్యడం. గంగారాం అన్నది అది కాదు. దాన్ని ఇంగ్లీషులోకి ఎలా తేవాలో తెలియక, ఎల్లన్న కూతురికి రాసిన ఉత్తరంలో ఆ ఒక్క వాక్యం కోసం ఒక పేజీ రాయవలసి వచ్చింది.

మనోంగ్, నువ్వు నా గురువువి, నా పొయ్యి పాలివాడివి. పరాయి భాష మాట్లాడే మనుషుల గొంతుల్ని మాకంటే శ్రద్ధగా విన్నవాడివి. నీలాంటి స్వరకర్తలు మీ దేశంలో మళ్ళీ పుడతారేమో. తెలుగు కూలివాడి మంచె కింద టీ చల్లారబెట్టుకుని కూచునే స్వరకర్త మాత్రం మాకు మళ్ళీ దొరకడు. నీ పవిత్రస్మృతికి ఈ శిష్యుడి ప్రణామం.

మొన్న శుక్రవారం మారిసెల్ ఇంట్లో అందరం చేరాం. ఫిలిప్పీనోలు తొమ్మిదిమంది, తెలుగువాళ్ళం ముగ్గురం. ఆయన చివరిరోజుల్లో రాస్తూ వదిలేసిన పాట తాలూకు కాగితాన్ని ఆయన కూతురు ఫొటో తీసి పంపింది. సగమే ఉంది. సగమైనా పాడదామని కూచున్నాం. మూడో వరసలో ఒక స్వరం పైన ఆయన పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టారు. అలాంటి గుర్తు ఆయన ఇంతకుముందు పెట్టగా మేం ఎవరమూ చూడలేదు. అక్కడ ఆగమనో, ఇంకా మెల్లగా పాడమనో, ఇది తరవాత సరిచూడాలని తనకి తానే గీసుకున్నదో తెలియలేదు. మారిసెల్ నన్ను అడిగింది. నేను ఆమెని అడిగాను. ఇన్నేళ్ళూ ఇలాంటి సందేహం వస్తే మర్నాడు బస్సులో ఆయన పక్క సీట్లోకి జరిగి అడిగేవాణ్ణి, ఆయన వెళ్ళిపోయాక ఫోను చేసి అడిగేవాణ్ణి. ఆ రోజు మేం ఆ స్వరం దాకా పాడి, ఆపేశాం.